ఐదో ప్రశ్న దగ్గర ఆగిన కాగితం

ప్రశ్న: నమస్కారమండీ. నేను విశాఖపట్నంలో ప్రజారోగ్యం మీద పరిశోధన చేస్తున్నాను. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు, స్వలింగ ప్రేమికులు ప్రభుత్వ వైద్యం దాకా ఎందుకు రాలేకపోతున్నారన్నది నా అంశం. ఇంగ్లీషు ప్రశ్నావళిని తెలుగులోకి మార్చుకుని బీచ్ రోడ్డులో, పూర్ణా మార్కెట్ దగ్గర, కొందరి ఇళ్లలో అడగడం మొదలుపెట్టాను. మొన్న బీచ్ రోడ్డులో ఒకావిడ, నలభై ఏళ్లుంటాయి, నాలుగు ప్రశ్నలకు ఓపికగా జవాబు చెప్పారు. ఐదోది ‘లింగం: పురుషుడు, స్త్రీ, నపుంసకుడు, స్వలింగ సంపర్కుడు’. ఆవిడ కాగితం నా చేతిలోంచి తీసుకుని చూసి, ‘ఇందులో నేనెక్కడున్నానమ్మా?’ అని అడిగారు. నేను జవాబు చెప్పలేకపోయాను. కాగితం నాకు తిరిగి ఇచ్చి వెళ్లిపోయారు. మా గైడ్ గారికి చెబితే, నిఘంటువులో ఉన్న మాటలే వాడాలి, కొత్త మాటలు కమిటీ ఒప్పుకోదు అన్నారు. నా గదిలో ఉండే స్నేహితురాలు లలితకళల్లో, మగ నటులు కట్టిన స్త్రీ వేషాల మీద పని చేస్తోంది. ‘క్వియర్ కళా చరిత్ర’ (లింగం, ప్రేమ విషయంలో మామూలు అచ్చులో ఇమడనివాళ్ల వైపు నుంచి చూసే కళా చరిత్ర) అని పేరు పెడితే, చనిపోయిన నటులకు ఆ పేరు ఎలా తగిలిస్తావు అని తననూ నిలదీశారు. ఈ విషయం మీద పరిశోధన అంటే సంబంధాలు రావని మా ఇంట్లో బాధపడుతున్నారు. ఏ మాట వాడాలి? ఎలా అడగాలి?
ఒక పరిశోధక విద్యార్థిని, పెదవాల్తేరు

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఆవిడ కాగితం చింపలేదు, మిమ్మల్ని ఒక్క మాట అనలేదు. అందులో తన కోసం వెతుక్కుని, కనబడక, తిరిగి ఇచ్చేశారు. వీళ్లు వైద్యం దాకా ఎందుకు రాలేకపోతున్నారన్నదే కదా మీ పరిశోధన. దానికి ఒక జవాబు ఆ నిమిషంలో మీ కళ్ల ముందే దొరికింది. ఆసుపత్రి చీటీ దగ్గర జరిగేదే మీ కాగితం దగ్గరా జరిగింది. అందుకని దాన్ని పూర్తికాని ఫారంగా లెక్కగట్టి పక్కన పడేయకండి. తేదీ, వేళ, ఆవిడ అన్న మాట అన్నట్టుగానే రాసి పెట్టుకోండి. మీ సిద్ధాంత గ్రంథంలో అంతకంటే విలువైన పేజీ ఉండకపోవచ్చు.

నేనూ ఈ ఊళ్లోనే చాలా ఏళ్లు ఆరోగ్య సర్వేల్లో, ఆసుపత్రి రికార్డుల పనిలో ఉన్నాను. ఒక ఆసుపత్రికి ఒక రాత్రి తీవ్రమైన జ్వరంతో ఒక ట్రాన్స్ మహిళ, అంటే మగపిల్లవాడిగా పెరిగి స్త్రీగా బతుకుతున్నావిడ, వచ్చారు. ఓపీ చీటీ రాసే గుమస్తా ముఖంకేసి ఒకసారి చూసి ‘పు’ అని రాశారు. చీటీలో ‘పు’ ఉంది కాబట్టి మగవాళ్ల వార్డులో మంచం ఇచ్చారు. చీర కట్టుకున్న మనిషి, అంతమంది మగవాళ్ల మధ్య, ఆ జ్వరంతో ఎంతసేపు కూర్చుని ఉంటారో నేను ఎన్నోసార్లు ఊహించుకున్నాను. తెల్లవారేసరికి మంచం ఖాళీగా ఉంది. రిజిస్టరులో ‘చెప్పకుండా వెళ్లిపోయాడు’ అని రాసింది నేనే. ఆవిడ ఎందుకు వెళ్లిపోయారో ఆ వాక్యం చివర ఉన్న ‘డు’ చెబుతూనే ఉంది. ఆ రోజు నాకు దాన్ని చదవడం రాలేదు. తరువాత ఆ రిజిస్టరు నుంచే లెక్కలు తీశారు. ఆ లెక్కల్లో ఆవిడ, వైద్యం వద్దనుకుని పోయిన ఒక పురుషుడు.

అందుకే మాట సంగతి మర్యాద కోసం మాత్రమే అనుకోకండి. మీ పనిలో మాటే కొలత పరికరం. బీపీ మిషన్ తప్పు చూపిస్తే ఆ అంకెలు ఎంత శ్రద్ధగా రాసుకున్నా ఏం లాభం? ప్రశ్నలో ఉన్న మాట తప్పయినా అంతే.

మీ ఐదో ప్రశ్నలో రెండు వేరువేరు సంగతులు కలిసిపోయాయి. మనిషి తనను తాను ఆడమనిషిగా, మగమనిషిగా, లేదా ఈ రెండింటిలో ఇమడని మనిషిగా ఎరిగి ఉండడం ఒకటి. ఎవరి మీద మనసు పడుతుందన్నది మరొకటి. ఒక ట్రాన్స్ మహిళ పురుషుణ్ణి ప్రేమించవచ్చు, స్త్రీని ప్రేమించవచ్చు, ఎవరినీ కోరుకోకుండా ఉండవచ్చు. మీ నాలుగు గడుల్లో మొదటి రెండూ మొదటి సంగతికి చెందుతాయి. చివరిది రెండో సంగతికి చెందుతుంది. మూడోది దేనికీ చెందదు. అది వ్యాకరణంలో ఒక లింగం పేరు, వైద్యంలో లైంగిక పటుత్వం లేని మగవాడికి వాడిన మాట, వీధిలో తిట్టు. ముప్పై ఏళ్లుగా వీధిలో ఆ మాట విన్న మనిషికి, విశ్వవిద్యాలయం ముద్ర ఉన్న కాగితం మీద అదే కనబడితే ఆ ముద్ర కూడా తిట్టినట్టే ఉంటుంది.

‘స్వలింగ సంపర్కుడు’ సంగతి వేరు. వార్తాపత్రికలు చాలాకాలం వాడాయి కాబట్టి అది శాస్త్రీయమైన మాటలా వినిపిస్తుంది. కానీ సంపర్కం అంటే కలయిక. అంటే మనిషి మొత్తాన్ని పడకగదిలో జరిగే ఒక పనితో పిలుస్తున్నాం. మీ నాన్నగారిని ఎవరైనా సభలో ‘భిన్నలింగ సంపర్కులు’ అని పరిచయం చేస్తే మీ ఇంటిల్లిపాదీ ఎంత నొచ్చుకుంటారు? ఆయనకు మీ అమ్మగారి మీద ఉన్న ప్రేమ, పంచుకున్న కష్టం, మీ చదువు కోసం పడిన తాపత్రయం ఇవేవీ ఆ మాటలో ఉండవు. అందుకే మీరు ఉత్తరం మొదట్లో రాసిన ‘స్వలింగ ప్రేమికులు’ మెరుగు. గమనించారా, నాతో మాట్లాడేటప్పుడు మీకు సహజంగా వచ్చిన మాట ఒకటి, కాగితం మీదికి ఎక్కిన మాట మరొకటి.

అయితే ప్రేమ అనే మాట కూడా అన్నిచోట్లా పనికిరాదు. హెచ్‌ఐవీ పరిశోధకులు ఈ చిక్కును 1990ల నాటికే గుర్తించారు. మగవాళ్లతో శారీరక సంబంధం ఉండి కూడా, తమను ‘గే’ అని ఎన్నడూ అనుకోని మగవాళ్లు ఎందరో ఉన్నారు. పెళ్లయినవాళ్లు, లారీల మీద తిరిగేవాళ్లు, హాస్టల్ కుర్రవాళ్లు. ‘మీరు గేనా’ అని అడిగితే కాదంటారు. అది అబద్ధం కాదు. అందుకే ‘పురుషులతో లైంగిక సంబంధాలు ఉన్న పురుషులు’ అన్న పొడుగాటి మాట వచ్చింది. అది ప్రవర్తన గురించి మాత్రమే చెబుతుంది, మనిషికి పేరు పెట్టదు. మీకు వ్యాధి సోకే మార్గం తెలియాలంటే ప్రవర్తన అడగండి. ఒంటరితనం, దిగులు గురించి తెలియాలంటే తనను తాను ఎవరనుకుంటున్నారో అడగండి. ఏది ఎందుకు కావాలో తెలియని ప్రశ్నను కొట్టేయండి.

ఇంకొక జాగ్రత్త. మీరు ఇళ్లకు వెళ్లినప్పుడు ‘కోతి’, ‘పంతి’ వంటి మాటలు వింటారు. అవి వాళ్లలో వాళ్లు వాడుకునేవి: ఆడతనం కనబరిచే మగవాళ్లకు మొదటిది, వాళ్లతో జతకట్టే మగవాళ్లకు రెండోది. తెలుగు చెవికి మొదటిది జంతువు పేరులా తగులుతుంది, కానీ ఆ మాటకూ ఆ జంతువుకూ సంబంధం లేదు. తామై చెప్పుకున్నప్పుడు రాసుకోండి, మీరై ఎవరినీ ఆ పేరుతో పిలవకండి. హిజ్రా అన్నది కూడా అంతే. గురువు, చేలా (శిష్యురాలు) అనే బంధాలతో, సొంత కట్టుబాట్లతో నడిచే సమాజం అది. ట్రాన్స్ మహిళలందరూ అందులో లేరు. ఇక ఆడపిల్లగా పెరిగి పురుషుడిగా బతుకుతున్న ట్రాన్స్ పురుషులు మన సర్వేలకు దాదాపు కనబడరు. బజారులో వెతికితే వాళ్లు దొరకరు. ఇంట్లోంచి బయటికి రానివ్వని ఆడపిల్లలుగా లెక్కలో చేరిపోయి ఉంటారు. మీ పరిశోధనలో వాళ్ల కోసం వేరే దారి ఆలోచించండి.

ఇప్పుడు మన భాష గురించి నాలుగు మాటలు. ఈ విషయంలో నాకు పట్టుదల ఎక్కువ. అందరినీ కలుపుకునే భాష అనగానే ఇంగ్లీషు నుంచి దిగుమతి చేసుకోవాలని చాలామంది అనుకుంటారు. మన క్రియలను ఒకసారి చూడండి. ‘నేను వచ్చాను’ అన్నప్పుడు తెలుగులో ఆడా మగా తెలియదు. హిందీలో తెలుస్తుంది. ‘మీరు తిన్నారా’, ‘ఎవరు వచ్చారు’, ‘ఇద్దరు కూర్చున్నారు’, వీటిలోనూ తెలియదు. ‘తాను’ అనే మాటకు లింగం లేదు. ‘వారు’కూ లేదు, పైగా అది ఒక్కరికే మర్యాదగా వాడుకునే మాట. రోగి, వ్యక్తి, మనిషి, పాల్గొన్నవారు, ఇవన్నీ ఉన్నాయి. చిక్కంతా ఎదుటి మనిషి లేనప్పుడు, ఒక్కరి గురించి, మర్యాద లేకుండా చెప్పే చోట వస్తుంది. ‘వచ్చాడు’, ‘వచ్చింది’ అన్నవి అక్కడే పుడతాయి. నేను రిజిస్టరులో రాసిన ‘డు’ అక్కడిదే.

ఆ ‘వచ్చింది’కీ ఒక చరిత్ర ఉంది. ఏకవచనంలో స్త్రీకీ వస్తువుకూ మన వ్యాకరణం ఒకే తోక తగిలించింది: ఆమె వచ్చింది, బస్సు వచ్చింది. బహువచనంలో మాత్రం ఆడవాళ్లు మనుషుల్లో చేరారు: ఆడవాళ్లు వచ్చారు, బస్సులు వచ్చాయి. పాత వ్యాకర్తలు మగవాళ్లను చెప్పే మాటలకు మహత్తు, మిగతావాటికి అమహత్తు అని పేర్లు పెట్టారు. స్త్రీకి మర్యాద ఇవ్వాలనుకున్నప్పుడల్లా మనం ఆమెను బహువచనంలోకి తెచ్చుకుంటాం: అమ్మమ్మగారు వచ్చారు. ఈ దారి ఎప్పటినుంచో ఉన్నదే. అదే దారిలో ఇంకొందరిని నడవనివ్వమని అడుగుతున్నాం.

కాబట్టి క్షేత్ర నోట్సులో తెలియనంత వరకు ‘వారు, తాను, వచ్చారు, చెప్పారు’ అని రాయండి. తెలిశాక మాత్రం వారు చెప్పినట్టే రాయండి. ఒక ట్రాన్స్ మహిళ ‘నన్ను ఆమె అనండి’ అని స్పష్టంగా చెప్పాక కూడా మీరు పేజీల పొడుగునా ‘ఆ వ్యక్తి, ఆ వ్యక్తి’ అంటూ పోతే, అది మర్యాద ముసుగులో ఒప్పుకోకపోవడమే. ‘ఆవిడ’ అన్న ఒక్క పిలుపు కోసం ఇల్లు వదులుకున్నవాళ్లకు మీ తటస్థత చాలా చల్లగా తగులుతుంది.

ఏ మాట వాడాలో ఎవరిని అడగాలి? దీనికి మన ఉత్తరాంధ్రలోనే జవాబుంది. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉండగా సవర భాష నేర్చుకోవాలనుకున్నారు. దానికి నిఘంటువు లేదు. సవర మాట్లాడేవాళ్లను తన ఇంట్లో ఉంచుకుని, వాళ్ల నోట విన్నది విన్నట్టు రాసుకుని, ఆ తరువాత నిఘంటువు తయారుచేశారు. ముందు మనుషులు, తరువాత పుస్తకం. ఆయనే జనం మాట్లాడే తెలుగు పుస్తకాల్లోకి రావాలని పండితులతో జీవితకాలం పోరాడారు. మీ గైడ్ గారు నిఘంటువు మాట ఎత్తితే, ఎదురు చెప్పినట్టు కాకుండా ఈ సంగతి గుర్తు చేయండి.

పని ఇలా చేయండి. ప్రశ్నావళిని ఐదారుగురు ట్రాన్స్, క్వియర్ వ్యక్తుల దగ్గరికి తీసుకెళ్లండి. వాళ్లను జవాబు అడగకండి. ‘ఈ ప్రశ్న మీకు ఏం అర్థమైందో మీ మాటల్లో చెప్పండి’ అనండి. వాళ్లు ఎక్కడ ఆగారో, ఎక్కడ ముఖం మారిందో రాసుకోండి. వాళ్లిచ్చిన సమయానికి డబ్బు ఇవ్వండి, అది కూలి పోగొట్టుకుని వచ్చిన సమయం. తరువాత ఐదో ప్రశ్నను విడగొట్టండి. మొదట: ‘మిమ్మల్ని ఎలా పిలవమంటారు?’ తరువాత: ‘మిమ్మల్ని మీరు ఎవరిగా అనుకుంటున్నారు? మీ మాటల్లో చెప్పండి.’ దాని కింద గడులు వద్దు, గీతలు గీయండి. గడులు మీరు ఇంటికి వచ్చాక లెక్క కోసం వేసుకోవచ్చు. ‘పుట్టినప్పుడు మిమ్మల్ని ఆడపిల్లగా నమోదు చేశారా, మగపిల్లవాడిగానా’ అన్నది నిజంగా అవసరమైతేనే, చివర్లో, ఎందుకు అడుగుతున్నారో చెప్పి అడగండి. ప్రతి ప్రశ్నకూ ‘చెప్పడం ఇష్టం లేదు’ అన్న జవాబు ఉండాలి. అది చెప్పినవాళ్ల ముఖం చూసి మళ్లీ అడగకూడదు.

వైద్య పరీక్షల దగ్గర ఇంకా సూటిగా ఉండండి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష గురించి తెలుసుకోవాలంటే ‘మీరు స్త్రీయా’ అని అడగడం తప్పు దారి. గడ్డం ఉన్న ట్రాన్స్ పురుషుడికి గర్భాశయం ఉండవచ్చు. చీర కట్టిన ట్రాన్స్ మహిళకు ప్రొస్టేట్ ఉంటుంది. శస్త్రచికిత్స చేయించుకున్నా సాధారణంగా దాన్ని తీసివేయరు. ఏ అవయవం ఉందో దానికే పరీక్ష. హార్మోన్ల గురించి అడిగేటప్పుడు ‘వాడుతున్నారా’ దగ్గర ఆగకండి. ఎవరి సలహాతో, ఎక్కడ కొన్నారు, రక్తపరీక్ష ఎప్పుడు చేయించుకున్నారు అన్నదాకా వెళ్లండి. డాక్టరు దగ్గరికి వెళ్లలేని మనిషి మందుల దుకాణంలో అడిగి మాత్రలు మింగుతుంటే, ఆ ప్రమాదం మీ అంశానికి గుండెకాయ వంటిది.

‘కుటుంబ సభ్యులు ఎంతమంది’ అన్న ప్రశ్న కూడా మీ కాగితంలో ఉండే ఉంటుంది. జవాబు చెప్పేటప్పుడు వాళ్లు తడబడతారు. రేషన్ కార్డులో పేరు పుట్టింట్లో ఉంటుంది, అన్నం గురువు ఇంట్లో ఉంటుంది. జనాభా లెక్కల్లో కుటుంబం అంటే సాధారణంగా ఒకచోట ఉంటూ ఒకే వంటగదిలో భోంచేసేవాళ్లు. ఆ నిర్వచనం ప్రకారం గురువు, చేలాలు కలిసి వండుకునే ఇల్లు నిక్షేపంగా కుటుంబమే. ‘ఎవరితో కలిసి వండుకు తింటున్నారు’ అని అడగండి. జబ్బు చేసినప్పుడు గంజి కాచి ఇచ్చేది ఎవరో, ఆసుపత్రిలో సంతకం పెట్టడానికి ఎవరిని రమ్మన్నారో కూడా అడగండి. ఆ రెండు జవాబుల మధ్య మీకు చాలా దొరుకుతుంది.

జనాభా లెక్కల ప్రస్తావన వచ్చింది కాబట్టి, మీరు పీఠికలో తప్పకుండా ఉదహరించబోయే అంకె గురించి చెబుతాను. 2011లో మొదటిసారి పురుషుడికి 1, స్త్రీకి 2, ఇతరులకు 3 అని రాసుకున్నారు. దేశం మొత్తం మీద ‘ఇతరులు’ 4,87,803 మంది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769 మంది. ఆ దేశవ్యాప్త సంఖ్యలో 54,854 మంది ఆరేళ్లలోపు పిల్లలు. ఆ పిల్లలు తమంతట తాము చెప్పి ఉండరు. ఇంటి పెద్ద చెప్పారు, ఎన్యూమరేటర్ రాశారు. పెద్దవాళ్ల విషయంలోనూ చాలా ఇళ్లలో అంతే జరిగి ఉంటుంది. తండ్రి ‘నాకు ఇద్దరు కొడుకులు’ అని చెప్పిన ఇంట్లో ఎవరు ఎవరో ఆ పత్రానికి తెలియదు. ఈ అంకెను వాడండి, కానీ ఎవరు ఎవరి గురించి చెప్పిన అంకో పక్కనే రాయండి.

గోప్యత విషయంలో ఊరు పెద్దదని ధీమాగా ఉండకండి. ‘పూర్ణా మార్కెట్ దగ్గర ఉండే, ఇంటర్ చదివిన, 42 ఏళ్ల ట్రాన్స్ మహిళ’ అని రాస్తే పేరు రాసినట్టే. చోటు, వయసు, చదువు మూడూ ఒకే వాక్యంలో పెట్టకండి. అంగీకార పత్రం మీద సంతకం పెట్టడానికి భయపడేవాళ్లు ఉంటారు. నోటి అంగీకారం రికార్డు చేసుకోవడానికి ఎథిక్స్ కమిటీని ముందే అనుమతి అడగండి. మాట్లాడుతూ ఎవరైనా కుంగిపోతే రాసుకోవడం ఆపేయండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416 కాగితం మీద ముద్రించి చేతికివ్వండి.

మీ గైడ్ గారు శత్రువు కారు. ఆయన భయం కమిటీ. కమిటీకి కాగితాలు కావాలి, ఇవ్వండి. 2014 ఏప్రిల్ 15న నల్సా (జాతీయ న్యాయ సేవల సంస్థ) కేసులో సుప్రీంకోర్టు, తన జెండర్ ఏమిటో తాను చెప్పుకునే హక్కు మనిషిదేనంది. 2018 సెప్టెంబరు 6న, స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన 377 సెక్షన్ నుంచి పెద్దల ఇష్టపూర్వక సంబంధాలను తప్పించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లో స్వలింగ ప్రేమను రోగాల జాబితా నుంచి తీసేసింది. 2022 నుంచి అమలులో ఉన్న కొత్త జాబితాలో ట్రాన్స్ వ్యక్తులకు సంబంధించిన అంశాన్ని మానసిక రుగ్మతల్లోంచి తప్పించింది. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 నైతిక మార్గదర్శకాలు లైంగిక అల్పసంఖ్యాకులను ప్రత్యేక రక్షణ అవసరమైనవారిలో చేర్చాయి. భాష గురించే కావాలంటే పక్క రాష్ట్రం ఉంది. 2021లో మద్రాసు హైకోర్టులో ఒక కేసు విన్న జస్టిస్ ఆనంద్ వెంకటేశ్, తనకు ఈ విషయం తెలియదని బహిరంగంగా ఒప్పుకుని, ఒక మనస్తత్వ నిపుణురాలి దగ్గర కూర్చుని నేర్చుకుని ఆ తరువాత తీర్పు రాశారు. ఆ కేసు వల్లనే తమిళనాడు ప్రభుత్వం 2022లో వాడదగిన తమిళ పదాల జాబితా విడుదల చేసింది. న్యాయమూర్తే నేర్చుకున్నాక మనకేమిటి సంకోచం? పాత పత్రాల నుంచి ఉదహరించే చోట పాత మాటలు కొటేషన్లలో ఉంచండి. మీ సొంత వాక్యంలోకి, మీ ప్రశ్నలోకి మాత్రం రానివ్వకండి. ఎందుకు మార్చారో పద్ధతుల అధ్యాయంలో రెండు పేజీలు రాయండి. ఐదో ప్రశ్న దగ్గర ఆగిన కాగితాన్ని అనుబంధంలో పెట్టండి.

ఇక మీ స్నేహితురాలి సంగతి. తనను అడిగిన ప్రశ్న సరైనదే, కోపం తెచ్చుకోవద్దని చెప్పండి. స్థానం నరసింహారావుగారు, వేదాంతం సత్యనారాయణ శర్మగారు సత్యభామగా నిలబడితే ఊళ్లు ఊళ్లు కదిలి వచ్చాయి. కూచిపూడిలో అది తరాల నుంచి వస్తున్న విద్య, ఆడవాళ్లకు రంగస్థలం దొరకని కాలపు ఏర్పాటు, బతుకుతెరువు. చీర కట్టి జడ వేసినంత మాత్రాన ఆ నటుడి మనసులో ఏముందో మనకు తెలియదు. తెలియనిది రాయకూడదు. కానీ ‘అది ఉత్త నటన, ఇంకేమీ లేదు’ అని ప్రమాణం చేసేవాళ్లకూ తెలియదు. వాళ్లను ఎవరూ ఆధారం చూపమని అడగరు. ఆ తేడా మీ స్నేహితురాలు గట్టిగా ఎత్తి చూపాలి.

మైకెలాంజెలో కవితల కథ తనకు చెప్పండి. ఆయన తొమాసో కవాలియేరి అనే యువకుడి మీద ప్రేమతో ఎన్నో కవితలు రాశారు. ఆయన పోయాక, 1623లో, తమ్ముడి మనుమడు వాటిని అచ్చు వేస్తూ ‘అతడు’ అన్న చోటల్లా ‘ఆమె’ అని మార్చేశాడు. 1863లో అసలు రాతప్రతుల నుంచి మళ్లీ అచ్చువేసే దాకా 240 ఏళ్లు లోకం ఆ మార్చిన కవితలే చదువుకుంది. ఒక సర్వనామం మారిస్తే ఒక మనిషి ప్రేమ మొత్తం మాయమైంది. క్వియర్ కళా చరిత్ర అంటే చనిపోయినవాళ్లకు కొత్త పేరు తగిలించడం అనుకునేవాళ్లకు ఇది చూపించండి. అందులో సగం పని, ఎవరో గోకేసిన అక్షరాలను మళ్లీ చదవడం.

తానే చెప్పుకున్న కళాకారుడి విషయంలో సందేహమే అక్కరలేదు. బరోడాలో అకౌంటెంటుగా పని చేస్తూ బొమ్మలు వేసిన భూపేన్ ఖఖర్ 1981లో ‘యూ కాంట్ ప్లీజ్ ఆల్’ అనే చిత్రం వేశారు. తండ్రి, కొడుకు, గాడిద కథ మనందరికీ తెలుసు, ఎవరెక్కినా ఊరు తప్పు పడుతుంది. ఆ కథ కింద వీధిలో జరుగుతుంటే, పైన మేడ మీద ఒంటి మీద బట్ట లేకుండా ఒక మనిషి నిలబడి చూస్తుంటాడు. తన ప్రేమను దాచుకోవడం మానుకున్న మనిషి బొమ్మ అది. మీ ఇంట్లో సంబంధాల గురించి పడుతున్న బాధ చదివినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఈ చిత్రమే.

తనకు దూరపు ఉదాహరణలే అక్కరలేదు. కోనసీమ జిల్లాలో ర్యాలి అనే ఊరి గుడిలో జగన్మోహినీ కేశవస్వామి విగ్రహం ఉంది. ఒకే రాయి. ముందు నుంచి చూస్తే విష్ణువు, వెనక్కి వెళ్లి చూస్తే మోహిని. దాన్ని ‘క్వియర్ విగ్రహం’ అని ప్రకటించి భక్తుల మనసు నొప్పించవద్దు, దానివల్ల పరిశోధనకు ఒరిగేదీ లేదు. శిల్పి చేసిన పని చూడమనండి. విగ్రహం కదలదు, చూసేవాళ్లు చుట్టూ నడుస్తారు. నడిచేకొద్దీ పురుషుడు స్త్రీ అవుతాడు, ఎక్కడ మారాడో గీత గీసి చెప్పలేం. పేరు పెట్టకుండానే ఈ సంగతి మీద ఒక అధ్యాయం రాయవచ్చు. ఇంకా దగ్గరగా తూర్పు భాగవతం ఉంది, మన ఉత్తరాంధ్ర పల్లెల్లో మగవాళ్లు సత్యభామగా ఆడేది. ఆ వేషం కట్టే పెద్దలు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లను కలవమనండి. ‘మీరు క్వియరా’ అని అడగవద్దు. వేషం కట్టాక ఊళ్లో మీతో ఎవరెలా మాట్లాడేవారు, వేషం తీశాక మీ నడకలో ఏం మిగిలేది, మీ ఇంట్లో ఏమనేవారు అని అడగమనండి. బృందంలో ఈ వేషం కోసం ఇల్లు వదిలి వచ్చి చేరిన కుర్రవాడు ఎవరైనా ఉన్నారా అని కూడా, నెమ్మదిగా, ఒంటరిగా ఉన్నప్పుడు. శీర్షికలో ‘క్వియర్’ అన్న మాట ఉంచుకోవచ్చు. అది ఇంగ్లీషులో ఒకప్పుడు తిట్టు, తిట్లు తిన్నవాళ్లే దాన్ని తమ పేరుగా చేసుకున్నారు. ఆ మాట తన చూపుకు పేరు, ఆ నటులకు కాదు అని మొదటి పేజీలోనే రాస్తే సరిపోతుంది.

ఇంట్లోవాళ్ల గురించి ఎక్కువ రాయను. ప్రజారోగ్యం చదువుతున్నానని చెప్పండి, అది నిజం. ఎప్పుడో ఒకసారి అమ్మగారిని పక్కన కూర్చోబెట్టుకుని ఆవిడ కాగితం తిరిగి ఇచ్చిన సంగతి చెప్పండి. మీ చదువు సంగతి విని వెనక్కి వెళ్లే సంబంధం వెళ్లనివ్వండి.

మీరు వెంటనే చేయవలసింది ఒకటుంది. బీచ్ రోడ్డుకు మళ్లీ వెళ్లండి. ఆవిడ కనిపిస్తే ఫైలు బయటికి తీయకండి. మొన్న మీరు అడిగిన దానికి నా దగ్గర జవాబు లేదు, ఆ కాగితం తప్పు, మార్చాలనుకుంటున్నాను అని చెప్పండి. ఆ సమయంలో ఆవిడకు పనుంటే ఎప్పుడు రమ్మంటారో అడిగి వచ్చేయండి. కూర్చోవడానికి ఒప్పుకుంటే రెండు టీలు చెప్పి, ఐదో ప్రశ్న చోటును ఖాళీగా వదిలిన కాగితం, ఒక పెన్ను ఆవిడ చేతికివ్వండి. రాయడం రాకపోతే ఆవిడ చెబుతారు, మీరు రాయండి. రాసింది చదివి వినిపించండి. ఏం రాశారో నాకు కూడా తెలియజేయండి, ఆవిడ సరేనంటేనే.